రెండూ ఎడమ చేతులే

తలుపు తీయమని ఇంటిల్లిపాదీ వంతులవారీగా బతిమాలుతున్నారు. లోపల కత్తెర మాత్రం తన మానాన తను ఆడుతోంది.

కోడలు తలుపుకి భుజం ఆనించి ఆ చప్పుడు వింది. తొందరన్నది ఎరగని చప్పుడు. మధ్యాహ్నంలోగా మావగారిని ఆసుపత్రిలో చేర్చాలి. ఎల్లుండి ఆపరేషన్. బట్టల సంచీ గుమ్మం దగ్గర పెట్టి ఉంది. టాక్సీకి చెప్పారు. ఇంత హడావుడిలో ఆయన పొద్దున్నే కటింగ్ గదిలో దూరి గడియ పెట్టుకున్నారు. బ్యాండు మాస్టారి కోటు కోసిగాని కదిలేది లేదన్నారు.

ఆమె భర్త తలుపు బాదడం, చేతి గడియారం చూసుకోవడం, మళ్లీ తలుపు బాదడం, ఇదే పనిగా ఉన్నాడు. బస్సు డిపోలో టైమ్ కీపర్ అతను. ఏ బస్సు ఎప్పుడు గేటు దాటిందో చూడటమే ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని అక్కడే వదిలి రాకుండా ఇంటికి కూడా మోసుకొస్తాడు. తండ్రి జబ్బు కూడా అతనికి గేటు దగ్గర నిలిచిపోయిన బస్సులాంటిదే. ఎలాగోలా బయటికి తోసెయ్యాలి.

"నాన్నా, నీ సమ్మె తర్వాత చేసుకోవచ్చు. ముందు తలుపు తియ్యి" అన్నాడు.

కత్తెర ఇంకో జానెడు ముందుకి నడిచింది.

ముందుగదిలో మెత్తటి కుర్చీని ఆక్రమించుకున్న మేనత్త అక్కడినుంచే అందుకుంది. మావగారికి స్వయానా అక్క. సాయానికని పెట్టెతో సహా దిగింది. దిగిన దగ్గర్నుంచీ ఆవిడ చేసిన సాయమల్లా సలహాలు ఇవ్వడమే. తమ్ముడు చిన్నప్పట్నుంచీ ఇంతేననీ, తను దగ్గరుండి పెంచితే ఇలా తయారయ్యేవాడు కాదనీ చెప్పుకొచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. కోడలి వైపు తిరిగి, కిటికీలో పూలకుండీ నిండా చీమలేననీ, ఇన్నిసార్లు చెప్పినా ఈ ఇంట్లో పట్టించుకునే నాథుడే లేడనీ మొదలుపెట్టింది.

చీమల గొడవ వినీ వినీ కోడలికి ప్రాణం విసిగిపోయింది. వంటిల్లు కడిగింది. డబ్బాలన్నీ తుడిచింది. చీమల మందు చల్లింది. అయినా అవి ఎక్కడా ఆగకుండా, ఎవరో పిలిచినట్టు, ఆ ఒక్క కుండీ దగ్గరికే బారులు తీరి వస్తున్నాయి. మనిషి ప్రాణం మీదికొచ్చిన ఇంట్లో కూడా చీమల గురించి మాట పడాల్సి రావడం ఆమెకు ఒళ్లు మండించింది. కానీ ఏమీ అనలేదు. అంటే ఆ పెట్టె ఇంకో నెల కదలదు.

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, మడిచిన తువ్వాలునే మళ్లీ విప్పి మడుస్తున్నారు. ఆవిడ ఏ గొడవలోనూ నోరు విప్పరు. అందరూ అరిచి అలిసిపోయాక, తను అనుకున్నది నిశ్శబ్దంగా చేసేస్తారు.

ఈ ఇంటికి కంటి నిండా నిద్ర కరువై చాలా కాలమైంది. ఆ కటింగ్ గదిలోనే, గుడ్డ కోసే బల్ల దగ్గర, ఎవరిదో ప్యాంటు గుడ్డ మీద మావగారు దోసిళ్లకొద్దీ రక్తం కక్కుకున్నారు. ఎప్పుడో కామెర్లతో పాటు ఒంట్లో చేరిన వైరస్ ఒకటి ఏళ్ల తరబడి ఆయన కాలేయాన్ని గట్టిపరిచేసిందట. పేగుల నుంచి కాలేయంలోకి వెళ్లాల్సిన రక్తం దారి దొరక్క వెనక్కి తంతుంటే, అన్నం దిగే గొట్టంలో రక్తనాళాలు ఉబ్బి పగిలాయి. నోట్లోంచి కెమెరా గొట్టం దింపి వాటికి రబ్బరు బ్యాండ్లు బిగించారు. మళ్లీ పగిలాయి. మళ్లీ బిగించారు. ఈసారి పగిలితే ఆసుపత్రి దాకా చేరే వ్యవధి ఉంటుందని చెప్పలేమన్నారు.

అందుకని షంట్ ఆపరేషన్. ప్లీహం నుంచి వచ్చే రక్తనాళాన్ని కిడ్నీ రక్తనాళానికి కలిపితే, ఆ ఒత్తిడి పక్కదారిన పోయి ఉబ్బులు చల్లారతాయి. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. అందులో ఉన్న చిక్కునూ దాచలేదు. పక్కదారిన పోయిన రక్తాన్ని కాలేయం శుభ్రం చెయ్యదు. ఆ మలినం మెదడుకెక్కితే కొందరికి తికమక, పగటి నిద్ర, మతిమరుపు మొదలవుతాయి. ముందే తికమక ఉన్నవాళ్లకి ఇది చేస్తే ప్రాణం నిలుస్తుంది గాని మనిషి మనకు మిగలకపోవచ్చు. అలాంటిదేమైనా గమనించారా అని అడిగింది.

మావగారు అంతా విని, డాక్టరమ్మ తెల్లకోటు వైపు కళ్లు చికిలించి చూశారు. "ఎడం భుజం జారిందమ్మా. చెయ్యి అతికినవాడు వంపు చూసుకోలేదు" అన్నారు. ఆవిడ నవ్వేసి, ఈ బుర్రకేం ఢోకా లేదంటూ తేదీ ఇచ్చింది.

ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ, కొడుకు ముందు నడుస్తుండగా, ఆయన కోడలి పక్కన ఆగారు.

"రక్తం సంగతి వాళ్లు చూసుకుంటారు. బుర్ర పోయేటట్టుంటే మాత్రం నన్ను ఆ ఆపరేషన్ బల్ల ఎక్కనివ్వకు. గుడ్డ ముందు కూర్చుని ఇదేంటని అడిగే బతుకు నాకొద్దు. వీళ్లెవరూ ఆపరు. నువ్వే ఆపాలి."

ఆమె సరేనంది. మెట్ల మీద సరేననడం చాలా తేలిక.

లోపల కత్తెర ఆగింది. గడియ తీసిన చప్పుడైంది.

"సుద్ద అయిపోయింది" అన్నారు మావగారు గుమ్మంలో నిలబడి. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు. ఒక పక్క అంచు పైకి, ఒక పక్క కిందికి వేలాడుతోంది. ఊరందరి గుండీలూ సరిచేసే మనిషి అలా నిలబడటం చూసి భర్త తల బాదుకున్నాడు.

"చూశావా? ఆసుపత్రికి ఇలా వస్తాడట. సమ్మె" అన్నాడు భార్యతో.

సమ్మె అనే మాట ఈ ఇంట్లో పాతదే. మావగారు గొడవపడరు. ఇష్టం లేని పని చేయిస్తే, నోరెత్తకుండా ఇంకేదో వంకరపని చేసి కూర్చుంటారు. కొడుకు కుట్టు దుకాణం కాదని డిపోలో చేరినప్పుడు చొక్కా తిరగేసి తొడుక్కుని వారాల తరబడి తిరిగారు. తన పాత ముక్కాలి పీటని అత్తగారు ఎవరికో ఇచ్చేస్తే, కొత్త కుర్చీ పక్కనే నిలబడి భోంచేశారు. ముందుగదికి తనని అడక్కుండా రంగు వేయించారని, ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా గొడుగు వేసుకుని కూర్చున్నారు. అందుకే, ఈ మధ్య టీ గ్లాసు తీసుకెళ్లి చెప్పుల స్టాండులో పెట్టినా, పట్టపగలు కుట్టుమిషను మీద తల వాల్చి గుర్రుపెట్టినా, తెల్లవార్లూ ఇల్లంతా పచార్లు చేసినా, ఆపరేషన్ ఇష్టం లేక సమ్మె చేస్తున్నారని అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. కోడలు కూడా అలాగే అనుకుంది. అనుకోవడమే కాదు, విసుక్కుంది కూడా.

ఆమె సొరుగులోంచి కొత్త సుద్దబిళ్ల తీసుకుని ఆయన వెనకాలే గదిలోకి వెళ్లింది.

బల్ల మీద ముదురు నీలం కోటు గుడ్డ పరిచి ఉంది. ఒక పక్కన కోసిన ముక్కలు వరసగా పెట్టారు. వీపు, ముందు భాగాలు, కాలరు. చివర్లో రెండు చేతులు. ఆమె అలవాటుగా ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడబోయి, ఆగిపోయింది.

రెండూ ఎడమ చేతులే.

గుడ్డని మంచివైపు లోపలికి మడిచి కోస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. దుకాణంలో కాజాలు కుట్టే వాళ్లకి కూడా తెలిసిన సంగతి. ఆయన మడవకుండా, విడివిడిగా, ఒకే చేతిని రెండుసార్లు కోశారు. మిగిలిన గుడ్డలో ఇంకో చెయ్యి రాదు. తిప్పి అతుకుదామంటే మెరుపున్న మంచివైపు లోపలికి పోతుంది.

వెనకాలే వచ్చిన భర్తకి కుట్టుపని రాకపోయినా, పుట్టి పెరిగింది ఆ దుకాణంలోనే కాబట్టి, చూడగానే తెలిసింది. ఒంటికాలి మీద లేచాడు. పరాయివాళ్ల గుడ్డ పాడుచేసేదాకా వచ్చిందా నీ మొండితనం అన్నాడు. ఆపరేషన్ వద్దంటే వద్దని నోటితో చెప్పొచ్చు కదా అన్నాడు. ఆసుపత్రిలో మంచం కోసం తను ఎవరెవరి కాళ్లు పట్టుకున్నాడో ఏకరువు పెట్టాడు. మావగారు అతని మొహంలోకీ, చేతుల ముక్కల్లోకీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు.

"కొలత సరిగ్గానే ఉంది కదా" అన్నారు చివరికి.

ఆ గొంతు విని కోడలు ఆయన కళ్లలోకి చూసింది. సమ్మె చేసేటప్పుడు ఆయన కళ్లలో ఒక మూల చిన్న నవ్వు ఉంటుంది. ఇప్పుడది లేదు. పైగా, చొక్కా, భోజనం, గొడుగు, దేనితోనైనా సమ్మె చేశారు గాని, ఆయన ఎన్నడూ గుడ్డ జోలికి పోలేదు. ఆమె పెళ్లై వచ్చిన కొత్తలో ఇదే బల్ల దగ్గర పని నేర్పారు. తప్పు గీత గీస్తే తిట్టేవారు కాదు. పక్కనే సరైన గీత గీసి వెళ్లిపోయేవారు. కోసిన గుడ్డ మళ్లీ అతకదన్న భయం ఆమెలో పెట్టింది ఆయనే. ఆ మనిషి కావాలని కోటు గుడ్డ పాడుచేస్తారని ఎలా అనుకోగలదు?

భర్తని బయటికి పంపి, సుద్ద ఆయన చేతికిచ్చింది.

"మావయ్యా, నాకు చంక వంపు ఒక్కసారి గీసి చూపిస్తారా? మర్చిపోతున్నాను."

"మర్చిపోవడమేంటి" అంటూ ఆయన వంగారు. కళ్లు మూసుకుని గీయగలిగిన గీత అది. సుద్ద కిందికి దిగింది, వంపు దగ్గరికి వచ్చింది, అక్కడ ఆగింది. దారి అడుగుతున్నట్టు కాస్త అటూ ఇటూ కదిలి, తిన్నగా బల్ల అంచు దాకా పోయింది. ఆయన ఆ గీత వైపు చూసి, చేత్తో తుడిచేసి, మళ్లీ గీశారు. మళ్లీ అలాగే వచ్చింది.

"సుద్ద బాగోలేదు" అన్నారు.

అవును మావయ్యా, మారుస్తాను అంది ఆమె. ఇంకొక్క క్షణం అక్కడే ఉంటే ఏడ్చేసేది.

ఆయనని కుర్చీలో కూర్చోబెట్టి, మందుల అలమార దగ్గరికి వెళ్లింది. కడుపులో మలినం నిలవకుండా, మెదడుకెక్కకుండా డాక్టరమ్మ ఒక తియ్యటి సిరప్ రాసింది. పూటపూటకీ తప్పకుండా తాగించమంది. విరేచనాలవుతాయి, అవ్వాలి, అదే దాని పని అని మరీ మరీ చెప్పింది. తాగించే బాధ్యత అత్తగారు తీసుకున్నారు. కోడలు సీసా ఎత్తి వెలుతురులో చూసింది. ఎంత తగ్గాలో అంతే తగ్గింది. మందు తాగుతూనే ఉన్నారనుకుని సీసా పెట్టేయబోతుంటే, ముందుగదిలోంచి మేనత్త మళ్లీ చీమల పురాణం ఎత్తుకుంది.

కోడలు సీసా చేతిలో పట్టుకునే కిటికీ దగ్గరికి నడిచింది. వంటింటి కిటికీలో, గిన్నెలు కడిగే చోటికి చెయ్యి చాచినంత దూరంలో ఉందా కుండీ. చీమలు మట్టి మీద నల్లగా ముసిరి ఉన్నాయి. ఒక్క వేలు మట్టికి ఆనించింది. వేలు అంటుకుంది. వాసన చూడనక్కర్లేకపోయింది.

అత్తగారు తువ్వాలు మడవడం ఆపేశారు.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?" అని అడిగింది కోడలు.

ఆవిడ ముందు ఏమీ తెలియనట్టు మొహం పెట్టారు. తర్వాత తలుపు వైపు చూశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, తేదీ ఖాయమైన దగ్గర్నుంచీ అన్నారు. ఆపరేషన్‌కి ఒంట్లో బలం ఉండాలని డాక్టరమ్మే కదా అంది. అన్నిసార్లు దొడ్డికి పరిగెడుతుంటే తిన్నది ఒంటికి ఎలా పడుతుంది? మనిషి పుల్లలా అయిపోతున్నాడు. పోయాల్సిన మందు పోసి, తీసుకెళ్లి కుండీలో వంచేశాను. సీసా తగ్గకపోతే నువ్వు అడుగుతావని.

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇల్లంతా కలిసి ఒక పూలమొక్కకి విరేచనాల మందు తాగించింది.

"మావయ్య అన్నం మానేశారంటే పరిగెత్తుకొస్తారు, తల నొప్పంటే నన్ను లేపుతారు. మందు ఆపేసే ముందు నాకో మాట చెప్పాలనిపించలేదా అత్తయ్యా?"

అత్తగారు పైట కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"నేనొక్కదాన్నే అనుకోలేదమ్మా. ఆయనే అడిగారు" అన్నారు. "ఆ రోజు దుకాణంలో ఎవరికో కొలతలు తీస్తూ, మధ్యలో ఆపుకోలేకపోయారు. టేపు ఆ మనిషి మెళ్లోనే ఉంది. ఇంటికొచ్చి నా ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆపరేషన్ అయ్యేదాకా ఆపెయ్యవే, ఎవరికీ చెప్పకు అన్నారు. ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను అడిగింది అదొక్కటే. కాదని ఎలా అనను?"

కోడలికి ఎవరినైనా తిట్టాలని ఉంది. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

భర్త అన్నీ విన్నాడు. ఎంతసేపట్నుంచి గుమ్మంలో ఉన్నాడో గాని, మొహం పాలిపోయి ఉంది. అయినా తేరుకోవడం అతనికి త్వరగానే వచ్చు. సిరప్ ఇప్పుడే మొదలుపెడదామన్నాడు. ఇవాళా రేపూ గట్టిగా తాగిస్తే ఎల్లుండికి తేటపడతాడన్నాడు. డాక్టరమ్మకి మాత్రం చెప్పొద్దన్నాడు.

చెప్పకుండా ఎలా అంది ఆమె. ముందే తికమక ఉంటే చెయ్యకూడదని మనందరి ముందూ చెప్పింది కదా అంది.

"చెప్తే ఆపేస్తారు. ఇంటికి పంపేస్తారు. ఇంటికొచ్చాక ఆ రక్తనాళం మళ్లీ పగిలితే? నువ్వు చెయ్యి అడ్డం పెట్టి ఆపుతావా?"

"చెప్పకపోతే చేసేస్తారు. రేపు మీ నాన్న మిమ్మల్నే ఎవరని అడిగితే?"

"అడగనీ. బతికుంటేనే కదా అడిగేది" అన్నాడతను.

అతను చెప్పింది తప్పని ఆమె అనలేకపోయింది. ఆ బల్ల మీది రక్తం తుడిచింది ఇద్దరూ కలిసే. సిరప్ తాగించి కొన్నాళ్లు ఆగితే బుర్ర తేటపడుతుందేమో, అప్పుడు చేయించుకోవచ్చేమో. లేకపోతే ఆ కొన్నాళ్లలోనే అంతా అయిపోతుందేమో. ఏది జరుగుతుందో చెప్పగలిగింది ఆ డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడకే చెప్పొద్దంటున్నాడు.

మేనత్త కుర్చీలోంచే తీర్పు చెప్పింది. ఇంటి గుట్టు ఆసుపత్రిలో విప్పితే మనకే చిన్నతనమట. టాక్సీ హారన్ వినపడింది. భర్త సంచీ అందుకున్నాడు. నువ్వేమీ మాట్లాడకు, నేను మాట్లాడతాను అన్నాడు.

కోడలు చెప్పులు మర్చిపోయానంటూ వెనక్కి వచ్చి, కటింగ్ గదిలోకి వెళ్లి, ఆ రెండు చేతుల ముక్కల్నీ మడిచి తన చేతిసంచీలో పెట్టుకుంది. పెట్టుకున్నాక కూడా, తీస్తానో తియ్యనో అనుకుంటూనే టాక్సీ ఎక్కింది.

దారి పొడుగునా మావగారు అద్దానికి తల ఆనించి నిద్రపోయారు. చొక్కా గుండీలు అత్తగారు సరిచేశారు.

ఆసుపత్రి గదిలో కిటికీ పక్క మంచం దొరికింది. నర్సు వచ్చి బీపీ చూసింది, రక్తం తీసుకుంది. కాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. అదే తెల్లకోటు, అదే జారిన భుజం. మావగారు ఏమైనా అంటారేమోనని కోడలు ఆశగా చూసింది. ఆయన ఆ భుజం వైపు చూడనేలేదు.

డాక్టరమ్మ రెండు చేతులూ ముందుకి చాచి, బస్సుని ఆపుతున్నట్టు అరచేతులు ఎత్తమంది. తికమక ముదిరినవాళ్ల చేతులు అలా పట్టుకుంటే తపతపా కొట్టుకుంటాయట. మావగారు చాచారు. చేతులు కదల్లేదు. భర్త ఊపిరి వదిలాడు.

ఇవాళ ఏ వారం అని అడిగింది. మావగారు ఆలోచించారు. డాక్టరమ్మ వెనక నిలబడ్డ భర్త పెదాలు కదిపి చూపించాడు. మావగారు చెప్పారు. ఆవిడ తల ఊపి, ఇంట్లో ఈ మధ్య ఏదైనా మార్పు గమనించారా, నిద్ర, మాట, కోపం, అని అందరినీ కలిపి అడిగింది.

"లేదండీ" అన్నాడు భర్త. "ఎప్పటిలాగే ఉన్నారు."

అత్తగారు నేల వైపు చూస్తున్నారు. డాక్టరమ్మ నర్సు వైపు తిరగబోయింది. ఆవిడ వెళ్లిపోతే ఇక అంతేనని కోడలికి అర్థమైంది. చేతిసంచీ తెరిచి, నీలం గుడ్డ ముక్కలు రెండూ తీసి మంచం మీద పరిచింది.

డాక్టరమ్మకి అవేంటో అర్థం కాలేదు. మావగారు మాత్రం కళ్లద్దాలు సరిచేసుకున్నారు. ఒకదాని మీద ఒకటి పెట్టారు. అంచులు కలిపారు. విప్పి మళ్లీ కలిపారు.

"రెండూ ఎడమ చేతులే" అన్నారు. "మంచి గుడ్డ. ఎవరు కోశారివి?"

భర్త చప్పున అందుకున్నాడు. "నీ కోడలే నాన్నా. తొందరలో ఏదో..."

మావగారు తల అడ్డంగా ఊపారు. "దీనికి పని నేర్పింది నేను. ఇది ఇలా కొయ్యదు" అన్నారు, కొడుకుతో కాదు, డాక్టరమ్మతో.

అంటూనే ముక్క పైఅంచు వేలితో తడిమారు. అక్కడ సుద్దతో చిన్న కొక్కెం గీసి ఉంది. ఏ చెయ్యి కోసినా భుజానికి అతికే చోట ఆయన పెట్టుకునే గుర్తు. కోడలు చుక్క పెడుతుంది. కొక్కెం ఆయనదే. రెండో ముక్క తిప్పి చూశారు. దానికీ అదే ఉంది. ఆయన వేలు ఆ గుర్తు మీదే ఆగిపోయింది.

చాలాసేపటికి తలెత్తి కోడలి వైపు చూశారు.

"మెట్ల మీద నీకో మాట చెప్పాను" అన్నారు.

"గుర్తుంది మావయ్యా. అందుకే తెచ్చాను."

ఆయన ముక్కల్ని జాగ్రత్తగా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. భర్త గోడ వైపు తిరిగిపోయాడు. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆవిడకి ఏ తొందరా లేదు.

"సిరప్ రోజూ తాగుతున్నారా?" అని అడిగింది. "ఇంట్లో ఎవరిస్తున్నారు?"

కోడలి కళ్లు అత్తగారి వైపు వెళ్లబోతే బలవంతాన ఆపుకుంది. అది తను చెప్పే మాట కాదు.

మావగారే చెప్పారు. "నేనే తాగుతానమ్మా. నేనే ఆపేశాను. దీంట్లో ఎవరి తప్పూ లేదు, ఎవరికీ తెలియదు."

గుడ్డ మీద దారి తప్పిన మనిషి, పెళ్లాం పరువు దగ్గర మాత్రం తడబడలేదు. డాక్టరమ్మ తల ఊపి కలం తీసింది.

అప్పుడు అత్తగారు, ఏ గొడవలోనూ నోరు విప్పని అత్తగారు, గోడవార బల్ల మీంచి లేచి వచ్చి మంచానికీ కుర్చీకీ మధ్య నిలబడ్డారు.

"ఆయన మాటలు రాయకండి డాక్టరు గారూ" అన్నారు. "నన్ను అడగండి."